టికెట్ ఇచ్చేది మనమే: అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీలో నేను ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. మీ సంక్రాంతి సంబరాల్లో ముగ్గులు వేశాను, ఉగాదికి వేపపువ్వు కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను, బతుకమ్మకు పూలు పేర్చాను. ఇక్కడ మన పిల్లలెవరైనా యాక్సిడెంట్‌లో పోతే రాత్రికి రాత్రి డబ్బు పోగుచేసి ఇంటికి పంపించేది మీరేనని కళ్లారా చూశాను. ఆ గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక్క విషయంలో మాత్రం మీరు మమ్మల్ని సగం దారిలో వదిలేస్తున్నారు. అది ఇక్కడి రాజకీయ పార్టీల సంగతి.

ఎన్నికల ఏడాది వచ్చిందంటే మన వేదికల మీద ఏం జరుగుతుందో మీకు తెలుసు. అక్టోబర్‌లో ఏదో ఒక శనివారం పాటలు ఆపుతారు. ఒక అభ్యర్థి స్టేజీ ఎక్కుతారు. శాలువా కప్పుతారు, బొకే ఇస్తారు, కమిటీ అంతా వరసగా నిలబడి ఫోటో దిగుతుంది. ఆయన రెండు చేతులూ జోడించి 'నమస్కారం' అంటే హాలంతా చప్పట్లు. మరునాడు వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఫోటోలే. ఆ హాల్లో కూర్చున్న ఎనిమిది వందల మందిలో, ఆయన ఆ పార్టీ అభ్యర్థి ఎలా అయ్యారో ఎంతమందికి తెలుసు? ఆయనకు టికెట్ ఎవరిచ్చారో తెలుసా? నాకైతే చాలా ఏళ్లు తెలియదు. తెలియకపోవడం వల్ల నేను చేసిన పొరపాటు ముందు చెబుతాను.

పౌరసత్వం వచ్చాక వచ్చిన మొదటి మార్చి అది. మా ఇంటి దగ్గర లైబ్రరీలో ఓటింగ్ జరుగుతోందని బోర్డు చూసి ఉత్సాహంగా వెళ్లాను. లైన్లో నిలబడ్డాను. నా వంతు రాగానే టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దావిడ నా లైసెన్స్ చూసి, ట్యాబ్లెట్‌లో పేరు వెతికి, చాలా మామూలుగా అడిగింది: "రిపబ్లికనా, డెమోక్రాటా?" వెనక పది మంది ఉన్నారు. నాకు గుండె ఝల్లుమంది. మా గుంటూరు వైపు ఓటు ఎవరికేశావని ఇంట్లోవాళ్లు అడిగినా చెప్పం. ఇక్కడ ప్రభుత్వ టేబుల్ ముందు నిలబెట్టి పైకి చెప్పమంటున్నారు! ఇదేదో మర్యాద తప్పిన పని అనిపించింది. ఆ టెన్షన్‌లో "నవంబర్‌లో వస్తానండీ" అని చెప్పి బయటికొచ్చేశాను. ఆవిడ ఏదో వివరించబోయింది, నేను వినలేదు.

ఆవిడ చెప్పబోయింది ఇప్పుడు తెలుసు. మన దగ్గర బీ-ఫారం ఇచ్చేది పార్టీ. లిస్టు హైకమాండ్ దగ్గర ఫైనల్ అవుతుంది, ఆశావహులు ఢిల్లీ చుట్టూనో పార్టీ అధినేత ఇంటి చుట్టూనో తిరుగుతారు. ఇక్కడ ఆ పని చేసేది ప్రైమరీ ఎన్నిక, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ముందస్తు ఎన్నిక. ఆ రోజు ఆ లైబ్రరీలో నాకివ్వబోయిన కాగితమే బీ-ఫారం మీద పెట్టాల్సిన సంతకం. టెక్సస్‌లో పార్టీ సభ్యత్వ నమోదు లేదు, చందా లేదు, కండువా లేదు. ఆ టేబుల్ దగ్గర పార్టీ పేరు చెబితే ఆ ఏడాదికి ఆ పార్టీ అభ్యర్థుల్ని ఎంపిక చేసే హక్కు వస్తుంది. నవంబర్‌లో ఎవరికి వేసుకోవాలన్నది మళ్లీ మన ఇష్టం, అది రహస్యమే. ఆ హక్కును నేను టేబుల్ మీదే వదిలేసి వచ్చాను.

ఆ తర్వాత కొంతకాలం దొరికిందల్లా చదివాను. అప్పుడు నాకర్థమైంది ఇది: అమెరికాలో పార్టీల చరిత్రంతా 'టికెట్ ఎవరివ్వాలి' అన్న ఒక్క తగాదా చుట్టూ తిరిగింది.

1787లో రాసిన రాజ్యాంగంలో పార్టీ అన్న ఊసే లేదు. పార్టీలు వస్తే దేశం ముక్కలవుతుందని రాసినవాళ్లు భయపడ్డారు. వాషింగ్టన్ 1796లో పదవి వదులుతూ ప్రచురించిన వీడ్కోలు సందేశంలో పార్టీ తత్వం గురించి గట్టిగా హెచ్చరించాడు. కానీ అప్పటికే ఆయన సొంత కేబినెట్‌లోనే చీలిక వచ్చేసింది. ఆర్థిక మంత్రి హామిల్టన్ జాతీయ బ్యాంకు కావాలన్నాడు, విదేశాంగ మంత్రి జెఫర్సన్ అది రాష్ట్రాల మెడ మీద కత్తి అన్నాడు. హామిల్టన్ వైపువాళ్లు ఫెడరలిస్టులయ్యారు, జెఫర్సన్ వైపువాళ్లు డెమోక్రటిక్ రిపబ్లికన్లయ్యారు. 1796 ఎన్నికలో గెలిచిన ఆడమ్స్ అధ్యక్షుడు, ఓడిన ప్రత్యర్థి జెఫర్సన్ ఉపాధ్యక్షుడు. పాత నిబంధన అలా ఉండేది మరి. 1800లో జెఫర్సన్‌కీ, ఆయన పక్షాన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ బర్‌కీ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు వచ్చి పీటముడి పడింది. ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ జరిపితే గానీ అది విడలేదు. చివరికి 1804లో 12వ సవరణ తెచ్చి అధ్యక్షుడికీ ఉపాధ్యక్షుడికీ వేర్వేరుగా ఓటు పెట్టారు. పార్టీ పేరెత్తకుండానే పార్టీల కోసం రాజ్యాంగాన్ని సర్దుకున్నారన్నమాట.

ఆ రోజుల్లో టికెట్ ఇచ్చేది కాంగ్రెస్ సభ్యులు. ఒక గదిలో కూర్చుని మా పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఫలానా అని తేల్చేవాళ్లు. 1824లో అలా కూర్చున్నవాళ్లు 66 మందే. వాళ్లు ఎంపిక చేసిన క్రాఫర్డ్‌ను జనం పట్టించుకోలేదు. ఎక్కువ ఓట్లొచ్చిన ఆండ్రూ జాక్సన్‌కు కాకుండా ప్రతినిధుల సభ జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు పదవి కట్టబెట్టింది. ఆ కోపంలోంచే, వాన్ బ్యూరెన్ లాంటి వ్యూహకర్తల పనితనంలోంచే ఇప్పటి డెమోక్రటిక్ పార్టీ పుట్టింది. 1830ల్లో సమావేశాలు మొదలయ్యాయి. రాష్ట్రాల నుంచి ప్రతినిధులు ఒక ఊళ్లో కూడి అభ్యర్థిని ఎన్నుకోవడమన్నమాట. గదిలోంచి హాల్లోకి వచ్చింది టికెట్.

రిపబ్లికన్ పార్టీ పుట్టుక నాకు మరీ ఇష్టమైన కథ. 1854లో కాన్సస్, నెబ్రాస్కా ప్రాంతాల్లో బానిసత్వానికి దారి తెరిచే చట్టం వస్తుంటే, ఆ మార్చిలో విస్కాన్సిన్‌లోని రిపన్ అనే చిన్న ఊళ్లో ఒక చిన్న బడిలో కొంతమంది కూర్చుని కొత్త పార్టీ కావాలనుకున్నారు. అలాంటి సమావేశాలు ఇంకా చాలా చోట్ల జరిగాయి. అప్పటిదాకా డెమోక్రాట్లకు ప్రధాన ప్రత్యర్థిగా ఉన్న విగ్ పార్టీ కళ్ల ముందే కూలిపోయింది. ఆరేళ్లకు, 1860లో, ఆ కొత్త పార్టీ మనిషి లింకన్ అధ్యక్షుడయ్యాడు. బడిగదిలో కూర్చున్నవాళ్లు దేశాన్ని మార్చారు. మన ఫంక్షన్ హాళ్లు ఆ బడికంటే ఎన్నో రెట్లు పెద్దవి.

సమావేశాలు కూడా త్వరలోనే పెద్దల చేతుల్లోకి పోయాయి. న్యూయార్క్‌లో టామనీ హాల్ లాంటి ముఠాలు ఉద్యోగాలు పంచి ఓట్లు కొనేవి. బ్యాలెట్ కాగితాలు పార్టీలే అచ్చువేసి పంచేవి. ఆ కాగితాన్నే టికెట్ అనేవాళ్లు. రంగును బట్టి ఎవరు ఏ పార్టీకి వేస్తున్నారో వీధి అవతల నిలబడ్డవాడికి కూడా తెలిసిపోయేది. 1881లో ఉద్యోగం రాలేదన్న కసితో ఒకడు అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. రెండేళ్లకు పరీక్షల ద్వారా ఉద్యోగాలిచ్చే పెండిల్టన్ చట్టం వచ్చింది. 1888లో మసాచుసెట్స్ రహస్య బ్యాలెట్ తెచ్చింది. 1903లో విస్కాన్సిన్ రాష్ట్రమంతటికీ ప్రైమరీ చట్టం చేసింది. అయినా అధ్యక్ష పదవి మాత్రం పెద్దల దగ్గరే ఉండిపోయింది. 1968లో అప్పటి ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండా డెమోక్రటిక్ టికెట్ తెచ్చుకున్నాడు. పార్టీ సమావేశం జరిగిన చికాగో వీధుల్లో గొడవలు, హాల్లో అరుపులు. ఆ గొడవ తర్వాతే నిబంధనలు మార్చారు. 1972 నుంచి అసలు నిర్ణయం ప్రైమరీ ఓటర్లది. నూట యాభై ఏళ్లకు పైగా కొట్లాడితే టికెట్ ఇచ్చే అధికారం గది దాటి, హాలు దాటి, లైబ్రరీలో నా ముందున్న టేబుల్ దాకా వచ్చింది.

ఆ అధికారం విలువ తెలియాలంటే మా టెక్సస్ చరిత్ర చూడాలి. 1874 నుంచి వందేళ్లకు పైగా ఇక్కడ గవర్నర్లంతా డెమోక్రాట్లే. నవంబర్ ఎన్నిక లాంఛనం. జూలైలో జరిగే డెమోక్రటిక్ ప్రైమరీ గెలిస్తే గెలిచినట్టే. 1923లో టెక్సస్ శాసనసభ ఆ ప్రైమరీలో నల్లవాళ్లు ఓటు వేయకూడదని చట్టం చేసింది. గమనించండి, నవంబర్‌లో కాదు, ప్రైమరీలో. ఎల్ పాసోలో లారెన్స్ నిక్సన్ అనే డాక్టరుండేవారు. 1924లో పోల్ టాక్స్, అంటే ఓటు వేయడానికి కట్టాల్సిన పన్ను, కట్టిన రసీదు చేత్తో పట్టుకుని బూత్‌కు వెళ్తే తిప్పి పంపారు. ఆయన సుప్రీం కోర్టుకు వెళ్లి 1927లో గెలిచారు. వెంటనే శాసనసభ చట్టం మార్చి, ఎవర్ని రానివ్వాలో పార్టీ కమిటీయే చూసుకుంటుందంది. ఆయన మళ్లీ కోర్టుకెళ్లి 1932లో మళ్లీ గెలిచారు. అప్పుడు పార్టీ రాష్ట్ర సమావేశం, మాది ప్రైవేటు సంఘం, మా సభ్యులెవరో మా ఇష్టం అని తీర్మానించింది. 1935లో కోర్టు ఆ వాదనను ఒప్పుకుంది. హ్యూస్టన్‌లో లోనీ స్మిత్ అనే దంత వైద్యుడి తరఫున థర్‌గుడ్ మార్షల్ వాదించిన కేసులో, 1944 ఏప్రిల్‌లో, 8-1 తీర్పుతో ఆ తలుపు తెరుచుకుంది. ఆ జూలైలో డాక్టర్ నిక్సన్ తన భార్యతో కలిసి వెళ్లి ప్రైమరీలో ఓటు వేశారు. ఇరవై ఏళ్లు పట్టింది ఆయనకు.

ఈ సంగతి చదివిన రోజు నాకు ఆ లైబ్రరీ టేబుల్ గుర్తొచ్చి చాలా బాధపడ్డాను. ఆయన ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగి సంపాదించుకున్న ప్రశ్నే ఆ పెద్దావిడ నన్ను ఊరికే అడిగింది.

ఇప్పుడు టెక్సస్‌లో రంగు మారింది. 1994 తర్వాత రాష్ట్రస్థాయి పదవి ఒక్కటి కూడా డెమోక్రాట్లు గెలవలేదు. కానీ సూత్రం అదే. గవర్నర్ ఎవరన్నది ఎక్కువగా మార్చిలో, లేదా ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే మేలో మళ్లీ జరిగే రనాఫ్‌లో, రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలుతోంది. హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల్లోని చాలా స్థానాల్లో అదే పని డెమోక్రటిక్ ప్రైమరీ చేస్తుంది. మీ కౌంటీ కోర్టులో జడ్జి కూడా ఇక్కడ పార్టీ పేరుతోనే పోటీ చేస్తాడు. నవంబర్ దాకా ఆగినవాళ్లకు మిగిలేది వేరేవాళ్లు వండిన వంటలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడమే.

ఇంకో సంగతి మనకు నేరుగా తగిలేది. 1948లో లిండన్ జాన్సన్ సెనెట్ కోసం డెమోక్రటిక్ ప్రైమరీ రనాఫ్‌లో పోటీ చేశాడు. దాదాపు పది లక్షల ఓట్లు పోలైతే 87 ఓట్ల తేడాతో గెలిచాడు. ఆలిస్ అనే ఊళ్లో 13వ నంబరు పెట్టెలో ఆలస్యంగా చేరిన సుమారు 200 ఓట్లు దొంగ ఓట్లేనని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. ఆ మచ్చ అలాగే ఉంది, నేను దాచను. కానీ ఆ ప్రైమరీ దాటే ఆయన సెనెటరయ్యాడు, తర్వాత అధ్యక్షుడయ్యాడు. 1965 అక్టోబర్ 3న స్వేచ్ఛా ప్రతిమ ముందు కూర్చుని దేశాలవారీ పాత కోటాలను రద్దుచేసే వలస చట్టం మీద సంతకం పెట్టాడు. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి రాగలిగింది ఆ చట్టం తర్వాతే.

ఆ చట్టాన్ని సభలో నడిపించిన ఇమాన్యుయెల్ సెల్లర్ న్యూయార్క్ డెమోక్రాట్. 1946లో కూడా ఆయనే, కనెటికట్ రిపబ్లికన్ క్లేర్ బూత్ లూస్‌తో కలిసి, భారతీయులు పౌరులయ్యే చట్టం తెచ్చారు. అంతకుముందు 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు భారతీయులకు పౌరసత్వం లేదు పొమ్మంది. లూస్, సెల్లర్ చట్టం ఇచ్చింది ఏడాదికి 100 మంది కోటాయే, అయినా తలుపు తెరుచుకుంది. చెరో పార్టీ నుంచి ఒక్కొక్కరు. 'మనది ఏ పార్టీ?' అని మన ఇళ్లలో గంటలకొద్దీ వాదించుకుంటారే, వాళ్లకు నేను ఈ జంట పేర్లు చెబుతాను. 1964 పౌరహక్కుల చట్టానికి సెనెట్‌లో పడిన 73 ఓట్లలో 46 డెమోక్రాట్లవి, 27 రిపబ్లికన్లవి. వ్యతిరేకించిన 27 మందిలో 21 మంది జాన్సన్ సొంత పార్టీవాళ్లు.

ఆ సెల్లర్‌ను చివరికి ఇంటికి పంపింది కూడా ప్రైమరీయే. దాదాపు 50 ఏళ్లు సభలో ఉన్న ఆయన్ని 1972లో 30 ఏళ్ల లాయరు ఎలిజబెత్ హోల్జ్‌మన్ కొన్ని వందల ఓట్ల తేడాతో ఓడించారు. అటువైపు కూడా ఇంతే. 2014 జూన్‌లో వర్జీనియాలోని రిచ్‌మండ్ ప్రాంతంలో, ప్రతినిధుల సభలో రిపబ్లికన్ మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్‌ను డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ ప్రైమరీలో ఓడించాడు. మొత్తం పోలైనవి సుమారు 65 వేల ఓట్లు. తేడా ఏడు వేల చిల్లర. ఆ రిచ్‌మండ్ పక్కనే హెన్రైకో కౌంటీలో మనవాళ్లు ఎన్ని వేల మంది ఉన్నారో మీకు నేను చెప్పాలా?

ఇది ప్రభుత్వం నడిచే తీరును ఎలా మారుస్తుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే మన అలవాటు ఇక్కడే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. మన దగ్గర 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. అందుకని పార్టీ అధినేతను ఒప్పిస్తే అందరూ ఒప్పుకున్నట్టే. ఇక్కడ అలాంటి చట్టం లేదు. సభలో ఎక్కువమంది ఉన్న పార్టీయే స్పీకర్‌ను, కమిటీ చైర్మన్లను పెడుతుంది, ఏ బిల్లు చర్చకు రావాలో చాలావరకు వాళ్లే తేలుస్తారు. అంతవరకే పార్టీ బలం. ఓటు దగ్గరికి వచ్చేసరికి సభ్యుడు ఎదురు తిరిగినా సీటు పోదు. 2017 జూలైలో ఒబామా ఆరోగ్య బీమా చట్టంలో కొన్ని భాగాలను రద్దుచేసే బిల్లును రిపబ్లికన్ సెనెటర్ జాన్ మెకెయిన్ నడి రాత్రి సభలో బొటనవేలు కిందికి చూపించి ఓడించాడు. 51-49. ఆయన సీటును ఎవరూ లాక్కోలేదు. సభ్యుడికి నిజంగా భయమున్నది సొంత ఊరి ప్రైమరీ అంటేనే. విప్ ఇక్కడ ప్రైమరీ ఓటరు చేతిలో ఉంది.

గ్రీన్‌కార్డు సంగతే చూడండి. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000, అందులో ఏ దేశానికైనా 7 శాతం పరిమితి. మన పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగి హైస్కూల్ దాటుతున్నా తల్లిదండ్రుల లైను కదలదు. ఊళ్లో అమ్మకు సీరియస్ అంటే వీసా స్టాంపింగ్ ఏమవుతుందోనని వెళ్లలేక ఫోన్‌లోనే ఏడ్చినవాళ్లను నేను చూశాను. ఆ పరిమితి తీసేసే బిల్లును కాలిఫోర్నియా డెమోక్రాట్ జో లాఫ్‌గ్రెన్, కొలరాడో రిపబ్లికన్ కెన్ బక్ కలిసి తెస్తే 2019 జూలైలో ప్రతినిధుల సభ 365-65తో ఆమోదించింది. సెనెట్‌లో ఏకగ్రీవం కోసం ప్రయత్నిస్తే ఒకసారి ఒక రిపబ్లికన్, మరోసారి ఒక డెమోక్రాట్ అడ్డం చెప్పారు. 2020 డిసెంబర్‌లో సెనెట్ వేరే రూపంలో ఆమోదించింది కానీ రెండు సభల పాఠాలు కలపకముందే ఆ కాంగ్రెస్ గడువు అయిపోయింది. బిల్లు పోయింది. ఇందులో ఏ పార్టీ మనది, ఏ పార్టీ పరాయిది? అడ్డం చెప్పిన ఆ ఒక్కొక్కరికీ ఒక ఊరుంది, ఆ ఊళ్లో ఒక ప్రైమరీ ఉంది. ఆ ప్రైమరీలో వందల తెలుగు ఇళ్లు ఓటు వేస్తాయని తెలిస్తే ఆ సెనెటర్ ఆఫీసులో ఫోన్ ఎత్తే తీరే వేరుగా ఉంటుంది. శాలువా ఫోటో చూసి ఎవరూ ఓట్లు లెక్కపెట్టరు. ఎవరు ఏ ప్రైమరీలో ఓటు వేశారన్న జాబితా మాత్రం ప్రతి అభ్యర్థి దగ్గరా ఉంటుంది. అది బహిరంగ రికార్డు. ఎవరికి వేశామన్నది అందులో ఉండదు, వచ్చామా లేదా అన్నది ఉంటుంది.

పైకి రావడానికీ దారి అక్కడినుంచే. 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి భారతీయుడు దలీప్ సింగ్ సౌంద్. బర్కిలీలో గణితంలో డాక్టరేట్ చేసి, వేరే పని దొరకక పొలాలు సాగుచేసిన పంజాబీ. పౌరసత్వం 1949లో వచ్చింది. ఆ వెంటనే ఆయన ఇంపీరియల్ కౌంటీ డెమోక్రటిక్ కమిటీలో చేరారు. కౌంటీ కమిటీ, చిన్న ఊళ్లో జడ్జి, తర్వాత వాషింగ్టన్. మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ గారు మేరీల్యాండ్ శాసనసభలో పనిచేసి, 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో ఓడిపోయి, 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఆమె గెలిచినప్పుడు మనం చేసుకున్న పండగ నాకు గుర్తుంది. 2018 ప్రైమరీ రోజున ఎంతమందిమి గుర్తుపెట్టుకున్నాం?

నేను కిందటిసారి మా ప్రిసింక్ట్, అంటే మా ఓటింగ్ వార్డు, పార్టీ సమావేశానికి వెళ్లాను. బడి కెఫెటీరియాలో పిల్లల పొట్టి బెంచీల మీద ఏడుగురం. ఒకాయన ఇంటి నుంచి కాఫీ ఫ్లాస్కు తెచ్చాడు. జిల్లా స్థాయి సమావేశానికి ఎవరు వెళ్తారంటే చేతులు ఎత్తినవాళ్లందరూ వెళ్లారు. పార్టీ విధానంలో చేర్చమని ఒక ముసలాయన రోడ్ల మీద తీర్మానం రాసుకొచ్చాడు, అరగంట చర్చించి పంపించాం. ఆ ఏడుగురిలో తెలుగు మనిషిని నేనొక్కదాన్నే. ఆ బడిలో ప్రతి క్లాసులో సగం పేర్లు రెడ్డి, రావు, చౌదరి, గౌడ్. టెక్సస్‌లో ప్రిసింక్ట్ చైర్ పదవికి రెండేళ్లకోసారి మార్చి ప్రైమరీలోనే ఎన్నిక జరుగుతుంది. అభ్యర్థి మధ్యలో తప్పుకుంటే కొన్ని పదవులకు కొత్త పేరు పెట్టేది ఆ చైర్లు కూడిన కౌంటీ కమిటీయే. పోలింగ్ బూత్ నడిపేవాళ్ల పేర్లు పంపేది కూడా పార్టీలే. చాలా ప్రిసింక్ట్‌లలో ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. మన సంఘాల్లో ఒక్క కార్యదర్శి పదవికి ఎంత పోటీ పడతామో మీకు తెలియనిది కాదు. అందులో పదో వంతు పట్టుదల ఇక్కడ చూపిస్తే చాలు.

మిమ్మల్ని ఏ పార్టీకీ మద్దతివ్వమని నేను అడగడం లేదు. మన సంఘాలు చాలావరకు పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థలు, అభ్యర్థిని బలపరచడం చట్టం ఒప్పుకోదు. కానీ ఏ పక్షం వహించకుండా ఓటర్లకు వివరం చెప్పడం, నమోదు చేయించడం నిక్షేపంగా చేయొచ్చు. అభ్యర్థులను పిలిస్తే ఇద్దర్నీ పిలవండి, మార్చికి ముందే పిలవండి. శాలువాకు పట్టే ఐదు నిమిషాల్లో ఒక్క ప్రశ్న అడగండి. గ్రీన్‌కార్డు లైను మీద మీ ఓటు ఏమిటని అడిగి, జవాబు అందరి ముందూ మైకులో చెప్పించండి.

ఒక జాగ్రత్త మాత్రం మరీ మరీ చెబుతున్నాను. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఓటరుగా నమోదు కాకూడదు. పొరపాటున సంతకం పెట్టినా పౌరసత్వం దగ్గర కొంప మునుగుతుంది. హెచ్1బీ వాళ్లు అభ్యర్థులకు చందా ఇవ్వడమూ నేరమే. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇప్పించడం కూడా అంతే. వేదిక మీద ఉత్సాహంలో 'అందరూ తలో చెయ్యి వేయండి' అని మైకులో చెప్పకండి. ఆ మాట విని ఇబ్బందిలో పడేది వీసాల మీద ఉన్న మన చిన్నవాళ్లు.

ఇతర రాష్ట్రాల్లోని సంఘాలవారు మీ చోట నిబంధన ఏమిటో కనుక్కోండి. మేరీల్యాండ్, పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో ముందే ఆ పార్టీలో నమోదైతే తప్ప ప్రైమరీలో ఓటు ఉండదు. ఇండిపెండెంట్ అని పెట్టుకున్న మనవాళ్లు అక్కడ పార్టీ ఎంపికల దగ్గర ప్రేక్షకులే. న్యూజెర్సీలో కౌంటీ పార్టీ పెద్దలు ఎంపిక చేసినవాళ్లను బ్యాలెట్ మీద ఒకే వరసలో పెట్టే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. 2024లో ఆండీ కిమ్ వేసిన కేసులో ఫెడరల్ జడ్జి దాన్ని ఆ ఏడాది డెమోక్రటిక్ ప్రైమరీకి ఆపేశారు. ఎడిసన్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, ఆ కేసు సంగతి మన సమావేశాల్లో ఎన్నిసార్లు వచ్చిందో మీరే గుర్తు చేసుకోండి.

మా టెక్సస్‌లో ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం. నమోదు గడువు దానికి 30 రోజుల ముందు, అంటే ఫిబ్రవరి మొదట్లో. మన సంక్రాంతి సంబరాలు జనవరి మూడో వారమో, నాలుగో వారమో. ఇంతకన్నా మంచి ముహూర్తం పంచాంగంలో వెతికినా దొరకదు. ఆ రోజు వచ్చినన్ని కుటుంబాలు ఇంకెప్పుడూ ఒక్కచోటికి రావు. పద్దెనిమిది నిండిన పిల్లలు కూడా ఆ రోజు పట్టులంగా కట్టుకుని, పంచె కట్టుకుని వస్తారు.

నాకు భోగిపళ్లు పోసే చోటికి పక్కన ఒక మడత టేబుల్, రెండు కుర్చీలు ఇప్పించండి. ఓటర్లను నమోదు చేయించడానికి కౌంటీ ఇచ్చే అనుమతి నేను తీసుకున్నాను. నాతో పాటు మరో నలుగురు ఆడవాళ్లు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. పాటల మధ్యలో మైకు మాకు పది నిమిషాలివ్వండి. లైబ్రరీలో ఆ పెద్దావిడ ఏం అడుగుతుందో, ఎందుకు అడుగుతుందో, జవాబు చెబితే ఏమవుతుందో తెలుగులో చెప్పి దిగిపోతాం. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను. డిసెంబర్ కార్యవర్గ సమావేశానికి పిలిస్తే ఈ టేబుల్ సంగతి స్వయంగా వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
కాలిన్ కౌంటీ నుంచి మీ సోదరి, ఒక తెలుగు ఓటరు